సిపాయి చొక్కా, మన ఎండ

గత మే నెలలో ఒకనాటి మధ్యాహ్నం భోజనం ముగించి నడుం వాల్చిన వేళ, మా కిషన్‌బాగ్ వీధి చివరి ఇంటి కుర్రవాణ్ణి నలుగురు మోసుకుని మా వరండాలోకి తీసుకువచ్చారు. ఇరవై రెండేళ్ళ వయసు. దగ్గరలోనే ఒక మేడ మీద స్లాబు పని చేస్తూ పడిపోయాడట. ఒళ్ళు పెనంలా కాలుతున్నది. పేరు అడిగితే పొంతన లేని మాటలు మాట్లాడుతున్నాడు. ఒంటి మీద పొడుగు చేతుల ఆర్మీ ప్రింటు జాకెట్ ఉంది. మందంగా, లోపల అస్తరు వేసి ఉన్నది. మెడదాకా జిప్పు లాగి ఉన్నది. చెమటకు తడిసి, ఒంటికి అతుక్కుపోయి, జిప్పు కదలలేదు. కత్తెర తెమ్మన్నాను. అంత దుఃఖంలోనూ వాళ్ళమ్మ, "కొత్తది డాక్టర్ సాబ్, మొన్ననే ఆరువందలు పెట్టి కొన్నాడు" అన్నది. ఆమెను తప్పుపట్టలేను. ఆరువందలంటే ఆ ఇంట్లో ఒక రోజు సంపాదన.

జాకెట్ కోసి తీసేశాం. జ్వరం 106 డిగ్రీలు ఉంది. తడి దుప్పటి కప్పి, బకెట్లతో నీళ్ళు పోస్తూ, రెండు పంకాలు పెట్టి, పళ్ళరసం బండి దగ్గరి మంచుగడ్డలు తెప్పించి చంకల్లో, గజ్జల్లో ఉంచాం. ఆటో సిద్ధంగా ఉన్నా, ఒళ్ళు చల్లబడేవరకు నేను కదలనివ్వలేదు. వడదెబ్బలో మొదట చల్లబరచాలి, తరువాతనే తరలించాలి. ఆసుపత్రికి చేరేలోపు పోయే ఇరవై నిమిషాలలో మెదడు, మూత్రపిండాలు ఉడికిపోతాయి. ఇరవై నిమిషాలకు వాడు తల్లిని గుర్తుపట్టాడు. ఆ తరువాత ఆసుపత్రికి పంపాం. కండరాలు దెబ్బతిని మూత్రపిండాలకు సోకింది. పదకొండు రోజులుండి బతికి వచ్చాడు.

వాళ్ళ నాన్న ఒకరోజు కృతజ్ఞత చెప్పడానికి వచ్చి, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణం. "డాక్టర్ సాబ్, ఫౌజీలు వేసుకునేది అదే కదా. రాజస్థాన్ ఎడారిలో వాళ్ళకేం కాదు. మావాడికి ఎందుకయింది?"

ప్రశ్న చిన్నదే అయినా, దాని వెనుక ఉన్న నమ్మకం పెద్దది. మా పేటలో నిలబడి చూడండి. చలికాలం ఉదయం పాల ప్యాకెట్లు వేసే కుర్రవాడి మీద ఆర్మీ ప్రింటు జాకెట్, వానాకాలంలో వెల్డింగు పనివాడి కాళ్ళకు మిలిటరీ బూట్లు, ఎండాకాలంలో తాపీ కూలీ తలమీద అదే మచ్చల టోపీ. జుమ్మేరాత్ బజారులో కుప్పలు పోసి అమ్ముతారు. మూసీ దాటి లంగర్‌హౌస్ వైపు వెళితే గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో అసలు సైనికులు కనిపిస్తారు. చూసిన కళ్ళకు రెండూ ఒకటే అనిపించడం సహజం. "మిలిటరీ వస్తువు" అంటే గట్టిదని, ఎండకూ వానకూ చలికీ తట్టుకునేదని మనకొక స్థిరాభిప్రాయం. మామూలు నేత చొక్కా, తలగుడ్డ, గొంగడి మాత్రం పాతకాలపు వస్తువులుగా, పేదతనానికి గుర్తులుగా మిగిలాయి.

నా అభిప్రాయం ముందుగానే చెప్పివేస్తాను. సైనికుణ్ణి వాతావరణం నుంచి కాపాడేది ప్రధానంగా అతని దుస్తులు కావు, ఆ దుస్తుల వెనుక ఉన్న నిబంధనలు. మనం బజారులో గుడ్డ కొనుక్కుంటున్నాం, నిబంధనలు కొనుక్కోవడం లేదు. అవి అమ్మకానికి దొరికేవీ కావు.

మొట్టమొదట తెలుసుకోవలసినది, సైనిక దుస్తులన్నీ వాతావరణం కోసం కుట్టినవి కావు. శత్రువు కంటికి కనబడకుండా ఉండటానికి కొన్ని, ముళ్ళకూ రాళ్ళకూ చిరగకుండా ఉండటానికి కొన్ని, తనవాణ్ణి తనవాడు గుర్తుపట్టడానికి కొన్ని, కవాతులో చూడముచ్చటగా ఉండటానికి మరికొన్ని. 2023 జూన్‌లో లండన్‌లో రాజు జన్మదిన కవాతుకు ముందు జరిగిన సమీక్షలో, 30 డిగ్రీల ఎండకే కొందరు సైనికులు నిలుచున్నచోట కుప్పకూలారు. వారు వేసుకున్నవి ఎర్రని ఉన్ని కోట్లు, ఎలుగుబంటి బొచ్చు టోపీలు. ముప్పై డిగ్రీలంటే మనకు మార్గశిర మాసపు మధ్యాహ్నం! మన సైనికుల బెరెట్ టోపీ సంగతి చూసినా, అది తలకు హుందాతనం ఇస్తుంది కాని ముఖానికి నీడనివ్వదు. మన రైతు తలపాగా ఈ ఒక్క విషయంలో దానికంటే ఎంతో మేలు.

అసలు యుద్ధ దుస్తులకూ బజారు గుడ్డకూ పోలిక రంగులోనే తప్ప నేతలో లేదు. 2022 జనవరి 15న సైనిక దినోత్సవంలో ప్రదర్శించిన మన సైన్యపు కొత్త యుద్ధ దుస్తులు నూలు, పాలియెస్టర్ 70:30 పాళ్ళలో కలిపి నేసినవి. గాలి ఆడాలి, త్వరగా ఆరాలి అనే ఆలోచన దాని వెనుక ఉంది. మావాడు కొన్నది నూటికి నూరు పాళ్ళు పాలియెస్టర్. లోపలి అస్తరు కూడా అదే. పైన అచ్చువేసిన మచ్చలు మాత్రమే సైనికునివి. (సందర్భం వచ్చింది కనుక ఒక మాట. సైనికుడని ఇతరులు నమ్మాలనే ఉద్దేశంతో అటువంటి దుస్తులు ధరించడం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షను కింద నేరం. 2016లో పఠాన్‌కోట్ దాడి తరువాత, ఆ నమూనా దుస్తులు వేసుకోవద్దని, అమ్మవద్దని సైన్యమే ప్రజలకు విజ్ఞప్తి చేసింది.)

ఇక ఎండలో శరీరం ఏం చేస్తుందో కొంచెం వివరిస్తాను. బయటి గాలి మన ఒంటి వేడికంటె ఎక్కువగా ఉన్నప్పుడు శరీరానికి మిగిలిన దారి ఒక్కటే, చెమట పట్టి అది ఆవిరి కావడం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకాలరీల వేడి బయటికి పోతుంది. ఆవిరి అయితేనే ఈ లెక్క. కారి నేలమీద పడిన చెమట వల్ల, జాకెట్ లోపల నిలిచిపోయిన చెమట వల్ల ఒంటికి చల్లదనం రాదు, నీరూ ఉప్పూ నష్టపోవడం తప్ప. స్లాబు మీద తట్టలు మోసేవాడు గంటకు లీటరు చెమట కార్చడం విశేషమేమీ కాదు. వాడు మెడదాకా జిప్పు వేసుకుంటే, పనిచేసే కండరాల వేడి లోపలే తిరుగుతుంది. పెరట్లో కుంపటి మీద మూత పెట్టిన గిన్నె వంటిదే అది.

"మరి చేతులు నల్లబడతాయని వేసుకున్నాడు" అన్నది వాళ్ళమ్మ. ఎండ నేరుగా తగలకుండా ఒళ్ళు కప్పుకోవాలన్న ఆలోచన సరైనదే. కప్పుకునే గుడ్డ పలుచగా, వదులుగా, లేతరంగులో ఉండాలి, మెడ దగ్గర, నడుము దగ్గర గాలికి దారి ఉండాలి. పాలియెస్టర్ పేరు వినగానే విషమని అనుకోవద్దు. ఆటగాళ్ళు వేసుకునే పలుచని జాలి బనియన్ల వంటివి చెమటను బాగానే ఆరనిస్తాయి. తప్పు మందంలో, అస్తరులో, జిప్పులో ఉన్నది.

రంగు సంగతిలో ఒక ఆసక్తికరమైన విషయం ఉన్నది. మా పేటలో అనేకమంది స్త్రీలు నల్లని బురఖా ధరిస్తారు. ఎండలో అది ప్రమాదమా అని నన్ను అడుగుతూ ఉంటారు. సినాయ్ ఎడారిలోని బెదూయిన్ జాతివారు నల్లని అంగీలు ఎందుకు ధరిస్తారని శాస్త్రజ్ఞులు పరీక్షించి 1980లో నేచర్ పత్రికలో ప్రకటించారు. నల్లగుడ్డ ఎక్కువ వేడిని పీల్చుకున్న మాట నిజమే కాని, అంగీ వదులుగా ఉండటంవల్ల ఆ వేడి చర్మాన్ని చేరేలోపే లోపలి గాలి దానిని మోసుకుపోతున్నది, తెల్ల అంగీ లోపలా నల్ల అంగీ లోపలా చర్మానికి చేరే వేడి ఒక్కటే. కాబట్టి తల్లులకూ అక్కచెల్లెళ్ళకూ నా సలహా ఇది: రంగు గురించి బెంగపడకండి, వదులుగా, గాలి ఆడే పలుచని గుడ్డతో కుట్టించుకోండి. మెరిసే మందపు గుడ్డ వద్దు. ద్విచక్ర వాహనం ఎక్కేటప్పుడు కొంగు చక్రంలో పడకుండా చూసుకోండి. నా ఉద్యోగకాలంలో ఎండవల్ల వచ్చిన కేసులెన్నో, చక్రంలో చున్నీ పడి వచ్చిన కేసులూ అన్నే చూశాను.

దుస్తుల సంగతిలో సైన్యం మనకు గురువు అనుకుంటాం. చరిత్ర చూస్తే చాలాకాలం సైన్యమే మన దగ్గర నేర్చుకున్నది. ఉన్నికోటు వేసుకుని వచ్చిన ఆంగ్లేయుడు ఇక్కడి వేసవిలో ఏం పడ్డాడో ఊహించుకోండి. 1857-58 వేసవుల్లో బ్రిటిషు సైనికులు అనేకులు తూటా తగలకుండానే వడదెబ్బతో రాలిపోయారు. అంతకు అర్ధశతాబ్దం ముందే మన కోఠీ రెసిడెన్సీ కట్టించిన కర్క్‌పాట్రిక్, తాను ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి అయి ఉండికూడా హైదరాబాదు ప్రభువుల వలె పలుచని దుస్తులు ధరించి తిరిగాడు. ఆయన 1805లో కన్నుమూశాడు. ఆ తెలివి కంపెనీ సైన్యానికి మాత్రం ఎక్కలేదు. 1846 తరువాత పెషావరులో లమ్స్‌డెన్ అనే అధికారి తన గైడ్స్ దళానికి వదులైన మట్టిరంగు బట్టలు ఇచ్చాడు. "ఖాకీ" అన్న మాట పుట్టింది "ఖాక్" నుంచి, అంటే మన పాతబస్తీలో నేటికీ వినిపించే దుమ్ము అనే మాట నుంచి. భారతదేశంలోని సైన్యం అంతటికీ ఖాకీ రావడానికి 1885 దాకా పట్టింది.

సైన్యంవారి పొరపాట్లూ తక్కువేమీ కావు. సూర్యకిరణాలు వెన్నుపాములోకి చొరబడి మెదడును పాడుచేస్తాయని నమ్మి, మన దేశంలోనూ ఇరాక్‌లోనూ సైనికులకు వీపుమీద మెత్తని దిండు వంటి గుడ్డ కట్టించారు. అంటే వేడిగా ఉన్నవాడికి ఇంకొక పొర కప్పారన్నమాట! జీలుగు బెండుతో చేసిన సోలా టోపీ లేకుండా ఎండలోకి వెళితే చస్తామని దొరలు రెండవ ప్రపంచయుద్ధం దాకా భయపడ్డారు. ఆ టోపీ నిజానికి మంచిదే, తేలికైనది, నీడనిచ్చేది. తప్పు దాని చుట్టూ అల్లిన నమ్మకంలో ఉన్నది. గుడ్డ మీద నమ్మకం పెట్టుకున్నంతకాలం సైన్యం కూడా మావాడి మాదిరే దెబ్బతిన్నది.

మరి ఎక్కడ మారింది? 1950లలో అమెరికా నౌకాదళపు మెరీన్ శిక్షణ శిబిరాల్లో, ముఖ్యంగా పారిస్ ఐలండ్‌లో, కొత్తగా చేరిన కుర్రవాళ్ళు వడదెబ్బతో పడిపోవడం పెద్ద సమస్య అయింది. అప్పుడు యాగ్లూ, మినార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొత్త చొక్కా కనిపెట్టలేదు, కొత్త కొలత కనిపెట్టారు. 1957లో దానిని ప్రకటించారు. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపే అంకెకు 0.7 పాలు, ఎండలో ఉంచిన నల్లని గోళంలోని వేడికి 0.2 పాలు, మామూలు గాలి వేడికి 0.1 పాలు ఇచ్చి కలపాలి. వచ్చిన అంకెను బట్టి జెండా ఎగురవేస్తారు. ఏ రంగు జెండాకు ఎంతసేపు పని, ఎంతసేపు విశ్రాంతి, గంటకు ఎంత నీరు, ఎప్పుడు శిక్షణ పూర్తిగా ఆపివేయాలి అన్నదంతా వ్రాసి ఉంటుంది. జెండా చూసీ పరుగెత్తించిన అధికారి జవాబు చెప్పుకోవాలి. దుస్తుల గురించి ఆ పట్టికలో ఉన్న మాట మరీ గమనింపదగినది. కవచం తొడుక్కుంటే ఆ అంకెకు 5 ఫారన్‌హీట్ డిగ్రీలు అదనంగా కలుపుకొమ్మన్నారు. రక్షణ కోసం తొడిగే దుస్తులే వేడిని పెంచుతాయని సైన్యం తన పట్టికలోనే ఒప్పుకున్నది.

రెండవది, అలవాటు పడటం. ఎండలో పని కొత్తగా మొదలుపెట్టినవాడి శరీరం సిద్ధపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఈ కాలంలో చెమట త్వరగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం, రక్త పరిమాణం పెరగడం వంటి మార్పులు జరుగుతాయి. కొన్ని వారాలు నీడలో ఉంటే ఆ సిద్ధత మళ్ళీ పోతుంది. సైన్యంలో ఎడారికి కొత్తగా వచ్చినవాణ్ణి కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేస్తారు. మా కుర్రవాడు నెలన్నర పని లేక ఇంటిపట్టున ఉండి, ఆ వేళే మొదటిరోజు పనికి వెళ్ళాడు. మొదటిరోజే పూర్తి పని. వాళ్ళ నాన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉన్నది. జాకెట్ లేకపోయినా ఆనాడు వాడికి ప్రమాదమే, జాకెట్ ఆ ప్రమాదాన్ని ప్రాణం మీదికి తెచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ కందకాల్లో రోజుల తరబడి బురదనీటిలో నిలబడి సైనికుల పాదాలు చచ్చుబడి కుళ్ళిపోయాయి. ట్రెంచ్ ఫుట్ అని దానికి పేరు. మంచి బూట్లు ఇచ్చినంతమాత్రాన అది తగ్గలేదు. రోజూ బూట్లు విప్పి, పాదాలు తుడిచి, తిమింగలం నూనె రాసి, పొడి మేజోళ్ళు మార్చుకోవాలని ఆజ్ఞ వచ్చింది. అధికారి స్వయంగా సిపాయిల పాదాలు పరీక్షించాలి. ఏ దళంలో ఆ జబ్బు ఎక్కువైతే ఆ దళపు అధికారి అసమర్థుడని లెక్కవేశారు. అప్పుడు తగ్గింది. రెండవ యుద్ధంలో బర్మాలో జనరల్ స్లిమ్ కూడా అదే చేశాడు. పొద్దు గూకేలోపు చేతులు దించుకోవాలి, పొడుగు లాగులు వేసుకోవాలి, మలేరియా మాత్ర మింగాలి. ఆకస్మిక పరీక్షల్లో మాత్ర మింగినవారు 95 శాతానికి తగ్గితే దళాధిపతిని తొలగించాడు. ముగ్గురిని తొలగించేసరికి మిగిలినవారికి అర్థమైంది. దోమకూ మలేరియాకూ ఉన్న లంకెను 1897లో మన బేగంపేటలోనే రొనాల్డ్ రాస్ కనిపెట్టాడని మీకు తెలుసు. ఆయన కూడా సైనిక వైద్యసేవకు చెందినవాడే. కనుగొన్నది అక్కడ, అమలుచేయడం నేర్చుకున్నది యాభై ఏళ్ళ తరువాత.

చలి విషయానికి వస్తాను. హైదరాబాదులో చలి ఏమిటని నవ్వకండి. 1946 జనవరి 8న ఇక్కడ 6.1 డిగ్రీలు నమోదయింది. తెల్లవారుజామున బండి మీద వెళ్ళేవాడికి గాలి విసురుతో అది ఇంకా తక్కువే. గాలి చొరనివ్వని జాకెట్ ఆ అరగంటకు పనికివస్తుంది, కాదనను. కాని అక్కడా సైన్యం నేర్పే పాఠం వేరు. 1962లో చైనా యుద్ధానికి మన సిపాయిలను నూలు దుస్తులతో, కాన్వాసు బూట్లతో హిమాలయాలకు పంపారు. శత్రువుకంటె ముందు చలి వారిని చంపింది. వారు వేసుకున్నవీ సైనిక దుస్తులే! 2020 జూన్ 15న గల్వాన్ లోయలో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు అమరుడైన రాత్రిని గుర్తు తెచ్చుకోండి. తీవ్రంగా గాయపడి, శూన్యానికి దిగువన ఉన్న చలికి గురై మరి 17 మంది ప్రాణాలు వదిలారని మరునాడు సైన్యం ప్రకటించింది. మనకు జూన్ అంటే ఉక్కపోత. గాయపడ్డ ఒంటికి చలి ఎంత త్వరగా ప్రాణాంతకమవుతుందో వైద్యులకు బాగా తెలుసు.

చలిలో వెచ్చదనమిచ్చేది గుడ్డ మధ్య కదలకుండా నిలిచిన గాలి. కనుక ఒక బండజాకెట్ కంటె రెండు మూడు పలుచని పొరలు మేలు. పని చేస్తుంటే ఒకటి విప్పాలి, ఆగితే తొడుక్కోవాలి. సియాచిన్‌లో మన సైనికులు 1984 నుంచి పాటిస్తున్నది ఈ పద్ధతే. చెమటతో లోపొర తడిస్తే మాత్రం అంతా వృథా. నీరు గాలికంటె ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. ఇక్కడ నూలు పనికిరాదు. తడిసిన నూలు ఆరదు. ఉన్ని మాత్రం తన బరువులో మూడో వంతుదాకా తేమ పీల్చినా ఒంటికి తడి తెలియనివ్వదు.

మన కురుమలూ గొల్లలూ కప్పుకునే నల్ల గొంగడి ఈ కారణంగానే నాకు గొప్పగా కనిపిస్తుంది. దక్కనీ గొర్రె ఉన్నిని వడికి, చింతగింజల గంజి పట్టించి నేస్తారు. వానలో కొప్పెరగా తలమీంచి వేసుకుంటే రెండు మూడు గంటల జల్లును ఆపుతుంది, రాత్రికి పక్క, పగలు ఎండకు గొడుగు. నేను ఆదిలాబాదు ప్రాంతంలో పనిచేసిన రోజుల్లో, చలి కేసులు గొంగడి కప్పుకున్నవారిలో చాలా అరుదుగా చూశాను. చూసినవన్నీ మరో రకం. చలిమంట దగ్గర కూర్చున్నవాడి నైలాను చొక్కాకు నిప్పురవ్వ అంటుకుని, గుడ్డ కరిగి, చర్మానికి మైనంలా అతుక్కున్న గాయాలు. ఆ గుడ్డను ఒలిచేటప్పుడు పిల్లలు పెట్టిన కేకలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. 2006లో ఇరాక్‌లో అమెరికా మెరీన్లు ఇదే కారణంతో శిబిరం దాటి వెళ్ళేటప్పుడు పాలియెస్టర్ బనియన్లు వేసుకోవడాన్ని నిషేధించారు. ఉన్ని కరగదు, మంటలో మాడి ఆగుతుంది. చలిమంట కాచుకునే అలవాటున్న ఇళ్ళవారు పిల్లలకు కొనే చలికోటు ఏ గుడ్డదో చూసి కొనండి.

వాన గురించి ఎక్కువ చెప్పను. ప్లాస్టిక్ రెయిన్‌కోటు బయటి తడిని ఆపి లోపలి తడిని నిలుపుతుంది. బండి ప్రయాణానికి సరే, దానితో బరువు పని వద్దు. పాదాల గురించి మాత్రం చెప్పవలసినది ఉన్నది. 2020 అక్టోబరు వరదల్లో పాతబస్తీలో మోకాటిలోతు మురికినీటిలో రోజుల తరబడి తిరిగినవారిని చూశాం. నీరు లోపలికి పోయిన బూటు, బూటు లేని కాలికంటె చెడ్డది, ఎందుకంటే అది తడిని పట్టి ఉంచుతుంది. వియత్నాం యుద్ధంలో అడవి బూట్లకు నీరు బయటికి పోవడానికి పక్కన చిన్న రంధ్రాలు పెట్టారు. మనం కొనే బూట్లకు అవి లేవు. చక్కెర వ్యాధి ఉన్నవారికి నా హెచ్చరిక: ఆర్మీ బూట్లు బలంగా ఉంటాయని కొనవద్దు. స్పర్శ తగ్గిన పాదానికి గట్టి తోలు ఒరిపిడి తెలియదు. పొక్కు పుండవుతుంది, పుండు వేలిని తీసుకుపోతుంది. రోజూ రాత్రి పాదాలు చేత్తో తడిమి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి చూసుకోండి. మొదటి యుద్ధంలో అధికారి చేసిన పని అదే, మీ ఇంట్లో ఆ అధికారి మీ కోడలో మనవడో కావచ్చు.

ఇక నా మనసులో ఉన్న అసలు మాట. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, ఎత్తైన మంచు ప్రాంతాల సైనికులకు మంచు కళ్ళద్దాలు, బూట్లు సకాలంలో అందలేదని లెక్కలతో నిలదీసింది. పత్రికలన్నీ వ్రాశాయి. వ్రాయవలసిందే. సిపాయి మేజోడు చిరిగితే అడిగే వ్యవస్థ ఉన్నది. స్లాబు మీద పనిచేసే కూలీ తలమీద గుడ్డ ఉందా, అతని దగ్గర నీళ్ళ బిందె ఉందా, మధ్యాహ్నం మూడింటిదాకా నీడ ఉందా అని ఎవరు లెక్కచూస్తారు? వీధులు ఊడ్చే అమ్మలకు ఇచ్చే పైకోటు ముదురు నారింజ రంగు ప్లాస్టిక్ గుడ్డ. బండ్లకు కనబడటానికి అది అవసరమే, కాని దానినే జాలిగుడ్డతో కుట్టించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి పదిహేను వందల మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఎండలో పని మానలేనివారే. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మరణించిన వారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామన్నది. మంచి నిర్ణయం, స్వాగతిస్తున్నాను. ఆ సొమ్ములో ఒక్క మరణానికి ఇచ్చేదానితో ఎన్ని తలపాగాలు, ఎన్ని నీళ్ళ కుండలు, ఎన్ని గజాల నీడ పరదా వస్తాయో మీరే లెక్కవేయండి.

మేస్త్రీ పని పెట్టినవాడే తన కూలీలకు దళాధిపతి అనుకోవాలి. కొత్తగా వచ్చినవాడికి మొదటి వారం సగం పని, గంటకొకసారి నీళ్ళు, పన్నెండు నుంచి మూడు దాకా విశ్రాంతి, ఒకరిని ఒకరు కనిపెట్టి ఉండటం, తడబడి మాట్లాడేవాణ్ణి వెంటనే నీడలోకి లాగి చల్లబరచడం. పలుచని తెల్ల నూలు చొక్కా, తడిపిన తువాలు తలకు. సైనికుని దగ్గర తీసుకోవలసింది తీసుకుంటే ఇంతే. ఒక కూలీ పడిపోతే ఆ మేస్త్రీ జవాబు చెప్పుకోవలసి వచ్చే ఏర్పాటు చట్టంలో ఉండాలి. అది లేకుండా ఈ జాబితా గోడమీద అంటించిన కాగితం మాత్రమే. మీ ఇంట్లో ఇల్లు కట్టిస్తున్నవారుంటే, ఈ మే నెలలో ఆ మేస్త్రీ మీరేనని గుర్తుంచుకోండి. పని త్వరగా కావాలని తొందరపెట్టే వాళ్ళలో మనమూ ఉన్నాం. నా ఇంటి మిద్దె వేసిన వేసవిలో నేనూ తొందరపెట్టాను.

మా కుర్రవాడు మూత్రపిండాల పరీక్షలు రెండుసార్లు సరిగ్గా వచ్చాక జూలైలో పనికి వెళ్ళాడు. వాళ్ళ నాన్న పాత నూలు చొక్కా వేసుకుంటున్నాడు, కొంచెం వదులైనా. వాళ్ళ మేస్త్రీని పిలిపించి గంటసేపు మాట్లాడాను. ఎండాకాలంలో పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పన్నెండింటికి ఆపుతానని, మిగిలినది సాయంత్రం చేయిస్తానని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నది వానలు పడుతున్నప్పుడు. మార్చి రాగానే మధ్యాహ్నం ఒంటిగంటకు గొడుగు వేసుకుని వాళ్ళ పనిచోటికి నేనే నడిచివెళ్ళి చూడాలనుకుంటున్నాను.